మా అత్త వంతు

మా అత్త తన చావుకు బ్యాండు మేళం మాట్లాడుకోవడానికి తనే వెళ్లింది. వద్దంటే వినే మనిషి కాదు కనుక నేనూ వెంట వెళ్లాను. చోడవరం మెయిన్ రోడ్డు మీద ఫొటో స్టూడియో పక్క సందులో బ్యాండు వాళ్ల గది. బయట తాడు మీద ఎర్రకోట్లు ఆరేసి ఉన్నాయి. మాస్టారు ఆవిడకు కుర్చీ వేసి, డైరీ తీసి, "పెళ్లా అమ్మా?" అన్నాడు.

"కాదు బాబూ. సావు," అంది మా అత్త.

అతను మొహం దిగులుగా పెట్టాడు. "ఎవరికమ్మా?"

"నాకే."

మాస్టారు నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. వచ్చిన బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేదేమో, పెన్ను మూత తీసి, "ఏ రోజుకమ్మా?" అన్నాడు.

"అది తెలిస్తే అడ్వాన్సే ఇచ్చీదును కదా," అంది మా అత్త.

ఆవిడకింత ధీమా ఎక్కడిదంటే, మా వీధి మట్టి చీటీ ఇచ్చింది. శవాన్ని సాగనంపడానికయ్యే ఖర్చును మట్టి ఖర్చు అంటారు. మా వీధిలో అందరం ఏ పూటకాపూట సంపాదించుకు తినేవాళ్లమే. ఒకసారి చెరకు కోతకు వెళ్లే ఒకామె మొగుడు పొద్దున్నే పోతే, ఆమెకు శవం దగ్గర కూర్చుని ఏడవడానికి కూడా తీరిక లేక కట్టెలకీ బండికీ డబ్బు కోసం మధ్యాహ్నం దాకా గడప గడపా తిరిగింది. మాకందరికీ తల కొట్టేసినట్టయింది. నేను మా ఊరి సచివాలయానికి వెళ్లి అడిగాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అర్హత ఉంటే సాయం వస్తుంది, మరణ ధ్రువీకరణ పత్రం పెట్టాలి, కొన్నాళ్లు పడుతుంది అంది. మంచిదే. కానీ శవం కొన్నాళ్లు ఆగదు కదా.

అందుకని మేం పదకొండు మంది ఆడవాళ్లం కలిశాం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిగిలినవాళ్లు చెరకు కోతలకీ నాట్లకీ ఇళ్లలో పనులకీ వెళ్లేవాళ్లు. ఇడ్లీలు వేసి అమ్మే ఆమె ఇంట్లో ఒక స్టీలు డబ్బా పెట్టి, నెలకింత అని అందులో వేసేవాళ్లం. మాలో ఎవరు పోతే వాళ్ల కట్టెలు, బండి, పూలు, మేళం, వచ్చిన చుట్టాలకు టీ అన్నీ ఆ డబ్బా చూసుకోవాలి. ఒక పేరుకు ఒక్కసారే. ఈ షరతు పెట్టింది మా అత్త. ఎవరో ఒకరు చచ్చేదాకా డబ్బా మూత తియ్యకూడదన్నదీ ఆవిడే. ఒకామె ఫ్రిజ్జు కొనుక్కోవడానికి కొంచెం సర్దమని అడిగితే, "ఏటే, ఫ్రిజ్జు సచ్చిపోయిందేటి?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

అన్నిటినీ నవ్వులాట చేసే మా అత్త ఒక్క విషయంలో మాత్రం నవ్వేది కాదు. మా మామగారు పోయినప్పుడు చేతిలో పైసా లేదు. పైగా ముసురు. నలుగురు మనుషులు పాడె మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, డప్పు లేకుండా, పువ్వు లేకుండా, గబగబా తీసుకెళ్లిపోయారట. అప్పటికి నేనింకా కోడలిగా రాలేదు. "ఈది సివర టీ కొట్టు వోడికి కూడా తెలీలేదే గుంటా, మీ మామ ఎల్లిపోతన్నాడని," అనేది. చెప్పినప్పుడల్లా గొంతు సన్నబడిపోయేది. తను మాత్రం అలా వెళ్లకూడదు. చప్పుడు చేసుకుంటూ వెళ్లాలి.

కాబట్టి ఏర్పాట్లన్నీ ముందే చెప్పి పెట్టుకుంది. నలుగురు మోసే పాడె వద్దు, లైట్లు పెట్టిన స్వర్గరథం కావాలి. బతికుండగా కారెక్కలేదు, పోయాకైనా ఎక్కుతానంది. పట్టపగలైనా సరే లైట్లు వెలగాలి. పూలు పచ్చ చేమంతులు. పేలాలతో పాటు రూపాయి బిళ్లలు చల్లాలి. బ్యాండులో ట్రంపెట్టు ఉండాలి, ఏడుపు పాట వాయించకూడదు, వాయిస్తే డబ్బివ్వొద్దు. ఈ ముక్కలన్నీ నాకు నెలకోసారి అప్పజెప్పేది. మర్చిపోతానని కాదు, చెప్పుకోవడం ఆవిడకు సరదా.

అయితే మా చీటీకి ఎవరూ అనుకోని చిక్కొకటి వచ్చింది. ఎవరూ చావలేదు. నాలుగేళ్లు గడిచాయి. పదకొండు మందిలో పెద్దది మా అత్తే కనుక ముందు ఆవిడదే వంతని అందరికీ లోపల ఉండేది. పైకి అనేవాళ్లు కాదు. ఆవిడ దగ్గితే మాత్రం ఇడ్లీలామె చట్నీ గరిటె పట్టుకునే వచ్చి, "ఎలాగుంది మామ్మా?" అని అడిగేది. ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుంటే మిగతా తొమ్మిదిమందీ వరసగా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. మా అత్త కళ్లు తెరిచి అందరినీ చూసి, "ఇయ్యాల కాదమ్మా, ఎల్లి పనులు సూసుకోండి," అంది. సాయంత్రానికి లేచి తలంటుకుంది.

ఇక పక్కింటావిడ సంగతి. ఆవిడ బస్టాండు దగ్గర పకోడీలు వేసి అమ్మేది. మా అత్తకూ ఆవిడకూ ముప్పై ఏళ్ల పగ, కారణం చిక్కుడు పాదు. వేళ్లు మా పెరట్లో, కాయలు ఆవిడ గోడ మీద. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏ మాటైనా నా ద్వారానే నడవాలి. "మీ అత్తకి సెప్పు, ఈయేడు కాయ సేదుగుందని," అని గోడ అవతలి నుంచి వస్తుంది. "సేదైతే కొయ్యడం ఎందుకో అడుగు," అని ఇవతలి నుంచి వెళుతుంది. ఇద్దరికీ అక్షరం అక్షరం వినబడుతూనే ఉంటుంది. అయినా నేను మిషను ఆపి అటు మాట ఇటూ ఇటు మాట అటూ అందించాలి. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "మీరే నేరుగా తిట్టుకోండి, నాకు పండగ జాకెట్లున్నాయి," అన్నాను. ఇద్దరూ ఏకమై నన్ను తిట్టారు.

చీటీలో చేరమని ఆవిడను కూడా అడిగాం. "బతికుండగానే సావుకి సీటీ కడతారేటి?" అని గుమ్మంలోంచే పంపేసింది.

కిందటి చలికాలం, చెరకు బళ్లు రోడ్డంతా నిండి ఉన్న రోజుల్లో, ఒక పొద్దున్న మా అత్త నన్ను లేపింది. "గోడవతల సప్పుడు లేదే. బాండీ దించలేదు, దగ్గలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఓసారి ఎల్లి సూడు," అంది. వెళ్లి చూశాను. ఆవిడ నిద్రలోనే పోయింది.

ఆవిడకు ఒక్కతే కూతురు. అనకాపల్లిలో బట్టల కొట్లో పని చేస్తుంది, మొగుడు ఆటో తోలుతాడు. ఇద్దరూ ఆ ఆటోలోనే వచ్చారు. పిల్ల తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది కానీ ఏడవడం లేదు. ఎవరిని అడగాలా, ఎంత అడగాలా అన్న ఆలోచన మొహం మీద రాసి ఉంది. కాసేపటికి అల్లుడు మెల్లగా, "ఎవరికీ ఇబ్బంది వద్దు, మన ఆటోలోనే పడుకోబెట్టి సప్పుడు లేకుండా తీసుకెళ్లిపోదాం," అన్నాడు. పిల్ల తలూపింది.

గోడకు ఇవతల మా అత్త నిలబడి ఉంది. ఆ మాట వినగానే ఆవిడ మొహం మారిపోవడం నేను చూశాను. మరు నిమిషంలో ఇడ్లీలామె ఇంట్లో ఉంది. వెనకే నేను, నా వెనక ఒక్కొక్కరుగా చీటీ వాళ్లందరూ.

"డబ్బా తీసీండి," అంది మా అత్త.

"ఆవిడ పేరు లేదు కదా మామ్మా," అంది ఇడ్లీలామె.

"నా పేరుందా? నా వంతు దానికిచ్చీండి."

ఇడ్లీలామె చేతిలో గరిటె పక్కన పెట్టి, "మరి రేపు నీకు ఉండదు. ఒక పేరుకి ఒక్కసారే అని నువ్వే కదా పెట్టేవు," అంది.

"నానే పెట్టేను. నాకు తెల్దేటి? నా పేరు కొట్టీసి దాని పేరు రాసుకోండి. ముప్పై ఏళ్లు నాతో గొంతు సించుకుని దెబ్బలాడిన మనిషి. అది సప్పుడు లేకుండా ఎల్లడమేటి?"

నాకు కోపమొచ్చింది. నాలుగేళ్లుగా ఆ రథమూ ఆ చేమంతులూ విని విని, అవి ఆవిడవేనని నేను కూడా అనుకుంటూ వచ్చాను. చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "బాగా ఆలోచించుకున్నావా అత్తా?" అన్నాను. "ఆలోసిస్తే తెల్లారిపోతాది. ఎల్లి బేండుకి ఫోన్ కొట్టు," అంది.

గంటలో బ్యాండు వచ్చింది. మాస్టారు మా ఇంటి ముందుకే వచ్చి, టోపీ తీసి తల వంచి నిలబడ్డాడు. తలెత్తి చూసేసరికి మా అత్త ఇస్త్రీ చీర కట్టుకుని ఎదురుగా ఉంది. పాపం, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి... ఎవరికమ్మా?"

"వంతు నాదే బాబూ. మనిషి వేరు. పక్కింటికి పద."

ఆ తర్వాత రెండు గంటలు మా వీధిలో మా అత్త రాజ్యమే. రథం వచ్చింది, లైట్లు వెలిగించమని డ్రైవరు మీద కేకలేసింది. చేమంతులు తెస్తే, తల దగ్గర తక్కువయ్యాయని తనే సర్దింది. సర్దుతూ పక్కింటావిడ చెంప మీద చెయ్యి వేసి, "సేదు కాయ అంట, సేదు కాయ," అని గొణిగింది. ఇద్దరి మధ్యా నేను లేకుండా నడిచిన మాట నాకు తెలిసి అదొక్కటే. అప్పుడు ఏడ్చిందా అంటే ఏడ్చింది, కానీ ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని టీలు అందరికీ అందాయో లేదో చూసింది.

బ్యాండు వాళ్లు అలవాటు ప్రకారం ఒక ఏడుపు పాట ఎత్తుకున్నారు. మా అత్త వెళ్లి పెద్ద డోలు మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. "ఏడుపొద్దని ఆరోజే సెప్పేనా లేదా?" మాస్టారు చేతులు జోడించి, ట్రంపెట్టు అతనికి సైగ చేసి, పెళ్లిళ్లలో వాయించే పాట అందుకున్నాడు. వీధంతా ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత ఊగింది. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని ఇడ్లీలామె రథం ముందు చిందేసింది. చెరకు కోతకు వెళ్లాల్సిన వాళ్లందరూ కత్తులు గోడకు ఆనించి వచ్చారు. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న కూతురు ఆ పాట విని ముందు నవ్వింది, ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. గుండెలు బాదుకుని, కడుపు నిండా ఏడ్చింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ ఏడుపుకు తీరిక దొరకడం కోసమే కదా మేం చీటీ పెట్టుకున్నది.

మా వైపు ఆడవాళ్లం వీధి చివరి దాకానే వెళతాం. ఆరోజు మా అత్త ఆగలేదు, ఆవిడ ఆగలేదని మేమూ ఆగలేదు, మెయిన్ రోడ్డు మలుపు దాకా వెళ్లాం. అక్కడ చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. లైట్లతో రథమూ, ఎర్రకోట్లూ కనబడేసరికి డ్రైవర్లు ఇంజన్లు ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాళ్లు తీసి దారి ఇచ్చారు. టీ కొట్టు ముందు జనం లేచి నిలబడ్డారు. ఎవరో పెద్దాయన, "ఎవరో గొప్పోలే," అన్నాడు. మా అత్త ఆయన వైపు తిరిగి, "పకోడీలమ్మేది," అని గర్వంగా చెప్పింది. తల్లి వెంట చివరిదాకా వెళతానన్న కూతురు రథం తలుపు దగ్గర ఆగి మా అత్త చేతులు పట్టుకుని, "పెద్దమ్మా, నీ రుణం..." అని ఏదో అనబోతే, "ఎల్లెల్లు, బండాపకు," అని పంపేసింది.

రథం మలుపు తిరిగింది. మేళం వినబడినంతసేపూ మా అత్త అక్కడే నిలబడింది. తర్వాత మిగతా ఆడవాళ్లను ముందు నడవనిచ్చి, నా భుజం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా ఇంటిదారి పట్టింది.

"ఎలాగుందే?" అంది.

"చాలా బాగుంది అత్తా."

"నాదే కదేటి మరి." నాలుగడుగులు వేసి మళ్లీ అంది, "నాను పోయేక ఎలాగ సేస్తారో సూడలేను కదాని బెంగుండీది. సూసీసేను. ఒక్కటీ తక్కువ్వలేదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి రేపు నీకో?"

"నాకు బేండెందుకు? నువ్వున్నావు కదా. నువ్వు గొంతెత్తి ఏడిస్తే సోడవరమంతా ఇనబడతాది."

"ఊరుకో అత్తా!" అని గట్టిగా కసిరాను. ఏడుపు ఆపుకోవడానికి కసిరానేమో, గొంతు నేననుకున్నదానికంటే ఎక్కువే లేచింది. ముందు నడుస్తున్న ఆడవాళ్లు తొమ్మిదిమందీ ఆగి వెనక్కి తిరిగారు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మళ్లీ లేచి నిలబడ్డారు.

"సూసేవా," అంది మా అత్త.