నెమ్మదిగానే దిగుతున్నానని చెప్పాను

సోమవారం రెండో పీరియడ్‌లో, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద సర్క్యూట్ గీస్తుంటే చాక్‌పీస్ చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ జారింది. మూడోసారి ముందు బెంచీ అమ్మాయి తీసి ఇచ్చింది. బొటనవేలు బాగా చాపితే దాని మొదట్లో, మణికట్టు పక్కన, చిన్న గుంట పడుతుంది చూడండి. కుడిచేతికి సరిగ్గా ఆ గుంటలో నొప్పి. వాపు పెద్దగా లేదు. ముందురోజు సైకిల్ మీంచి పడ్డాను కాబట్టి బెణికి ఉంటుందనుకున్నాను.

విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వయసు నలభై నాలుగు. ఆరేళ్ళుగా ఆదివారాలు మౌంటెన్ బైకింగ్‌కు వెళుతున్నాను. లావు టైర్ల సైకిళ్ళేసుకుని కొండదారుల్లో మట్టీ రాళ్ళూ తొక్కడం. దీనికి డబ్బులిచ్చి మరీ ఒళ్ళు హూనం చేసుకోవడమేమిటని మా వారు ఇప్పటికీ అడుగుతారు. ఇబ్రహీంపట్నం దాటాక కొండల్లో మా గుంపుకు అలవాటైన దారి ఒకటుంది. మేకలవాళ్ళూ, కట్టెలకు వెళ్ళేవాళ్ళూ నడవగా నడవగా పడిన దారి అది. పదిమందిమి వెళతాం. మాకు పెద్ద సత్యం గారు, రైల్వేలో రిటైరయ్యారు.

సత్యం గారు పద్ధతుల మనిషి. మేకలు ఎదురైతే సైకిల్ దిగి నిలబడాలి. వాన వెలిసిన మర్నాడు ఆ దారి తొక్కకూడదు, టైరు గీతలు ఎండితే గోతులవుతాయి. దారి చీలిన ప్రతిచోటా చివరి మనిషి వచ్చేదాకా ఆగాలి. వచ్చాక ఆ మనిషి ఊపిరి తీసుకునేదాకా కూడా ఆగాలి, మన విశ్రాంతి అయిపోయింది కదా అని వెంటనే పెడలు మీద కాలు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కేవాళ్ళదే దారి. దిగేవాళ్ళు పక్కకు ఆగి, కాలు కింద పెట్టి, వాళ్ళను పోనివ్వాలి. ఎక్కేవాళ్ళు ఏటవాలులో ఒకసారి ఆగితే మళ్ళీ తొక్కడం మొదలుపెట్టలేరు.

ఈ పద్ధతులన్నీ శ్రావణికి నేర్పింది నేనే. శ్రావణి నా తోటికోడలు, మా మరిది భార్య. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. సత్యనారాయణపురంలో ఒకే ఇంట్లో కింద మేము, మేడ మీద వాళ్ళు ఉంటాం. తను వార్డు సచివాలయంలో పనిచేస్తుంది. చల్లపల్లి దగ్గర పల్లెలో పుట్టి, కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్ళిన మనిషి. నేనూ వస్తానక్కా అంటే సరదాపడి తీసుకెళ్ళాను. నా పాత హెల్మెట్ ఇచ్చాను. గేరు ఎప్పుడు మార్చాలో, దిగేటప్పుడు ఒళ్ళు ఎంత వెనక్కి వెయ్యాలో చెప్పాను. చెప్పడం నా వృత్తి, బాగానే చెప్పాను.

మా దారిలో మెట్ల మలుపు అని ఒక చోటుంది. రాతి పలకలు మెట్లలాగా ఉంటాయి, వాటి మీదుగా సైకిల్‌ను ఎక్కించాలి. ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా ఎక్కలేదు. గుంపు మొత్తంలో ముగ్గురు మగవాళ్ళు ఎక్కుతారు. శ్రావణి ఐదో నెలలో ఎక్కేసింది. పైకి చేరాక, ఇదేనా మీరు చెప్పిన చోటు అని నన్ను అడిగింది. ఎగతాళి కాదు, నిజంగా తెలియకే అడిగింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

దాచుకుని లాభం లేదు, నాకు అసూయ పుట్టింది. తను నాకంటే చిన్నదని, చక్కగా ఉంటుందని, మా ఇంటికొచ్చిన చుట్టాలు తన చేతి పులుసే అడుగుతారని నాకు ఏనాడూ బాధ లేదు. అవన్నీ ఎవరికి దక్కినా సరేననుకునేదాన్ని. కొండ ఒక్కటి మాత్రం నాది అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారాల్లో సత్యం గారు, శ్రావణిని చూసి నేర్చుకోండి అని అందరితో అంటుంటే, నేను నీళ్ళ సీసా మూత బిగిస్తూ తల వంచుకుని కూర్చునేదాన్ని.

ఆ ఆదివారం నేను పైదాకా వెళ్ళి అందరికంటే ముందు దిగుతున్నాను. మిగతావాళ్ళు పైన ఇడ్లీ పొట్లాలు విప్పుకున్నారు. శ్రావణి అప్పటికే ఒకసారి మెట్ల మలుపు ఎక్కి, దిగి, సరదాకి రెండోసారి ఎక్కుతోంది. తల వంచి ముందు చక్రాన్నే చూసుకుంటోంది. నన్ను చూడలేదు. నేను ఆగాలి. బ్రేకుల మీద వేళ్ళు ఉన్నాయి కూడా. నేను ఆగితే తను కాలు పెట్టకుండా మళ్ళీ ఎక్కేస్తుంది, ఆగకపోతే తనకు కాలు పెట్టక తప్పదు. ఇంత స్పష్టంగానే అనుకున్నాను. బ్రేకు వదిలేశాను.

పక్క సందులోంచి దూసుకుపోదామనుకుంటే ముందు టైరు పలక అంచుకు తగిలింది. హ్యాండిల్ మీదుగా ఎగిరి, చాచిన కుడి అరచేతి మీద పడ్డాను. ఆ చప్పుడుకు శ్రావణి తలెత్తింది. సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నువ్వు మధ్యలోకి వచ్చేశావు" అని.

"చూసుకోలేదక్కా" అంది. ముఖం పాలిపోయింది.

సోమవారం సాయంత్రం తనే స్కూటీ మీద హాస్పిటల్‌కు తీసుకెళ్ళింది. ఆర్థోపెడిక్ డాక్టరు గారు పెద్దాయన. ఎలా పడ్డారో చెప్పమన్నారు, స్పీడుగా వస్తూ చేతి మీద పడ్డారా అని అడిగారు. శ్రావణి నా ఫైలు ఒళ్ళో పెట్టుకుని పక్క కుర్చీలో ఉంది. స్పీడు అంటే తను లెక్క కట్టేస్తుంది. "లేదండీ, నెమ్మదిగానే దిగుతున్నాను. అడ్డం వస్తే ఆపబోయి పక్కకి ఒరిగాను, అంతే" అన్నాను.

ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. స్ప్రెయిన్ అయి ఉంటుందన్నారు. అయితే అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుందనీ, అందులో చీలిక ఒక్కోసారి మొదటి ఎక్స్‌రేలో కనపడదనీ చెప్పి, మణికట్టు కదలకుండా స్ప్లింట్ కట్టించి, అది తీయకుండా ఉంచుకుని పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. గట్టిగా పడ్డానని ఆరోజు చెప్పి ఉంటే అప్పుడే ప్లాస్టర్ వేసి ఎంఆర్‌ఐ రాసేవాణ్ణని తర్వాత ఆయనే అన్నారు. ఆయన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

పది రోజులకు నేను వెళ్ళలేదు. మధ్యలో వచ్చిన ఆదివారం శ్రావణి మెట్ల మలుపు ఎక్కుతున్న ఫొటో సత్యం గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఎడమచేత్తో ఒకటి పెట్టాను. పై ఆదివారం స్ప్లింట్ తీసి పక్కన పడేసి, క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని కొండకు బయల్దేరాను. సగం దారిలో బ్రేకు నొక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. శ్రావణి నా సైకిల్ కూడా తనే నడిపించుకుంటూ దిగింది. ఆ రోజునుంచి తను కొండకు రావడం మానేసింది. నావల్లే కదా ఇదంతా, అక్కకు తగ్గేదాకా నేనూ వెళ్ళనని మా మరిదితో చెప్పిందట.

ఆ మాట విని నాకు సంతోషం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ వేసింది. నొప్పి మాత్రలు వేసుకుంటూ రెండు నెలలు గడిపాను. చపాతీ వత్తలేను, నేల మీంచి చెయ్యి ఆనించి లేవలేను. మంగళగిరి నూలు చీరలంటే నాకిష్టం. గంజి పెట్టిన చీరకు ఒంటిచేత్తో కుచ్చిళ్ళు పెట్టడం అయ్యే పని కాదు. శ్రావణి రోజూ పొద్దున్నే కిందికి దిగి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుచ్చిళ్ళు సర్ది పిన్ను పెట్టి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్ళేది. ఎవరి మీద అసూయపడ్డానో ఆ మనిషి చేతులే నన్ను తయారు చేసి పంపేవి. అయినా నోరు విప్పలేదు.

మూడో నెలలో చాక్‌పీస్ పట్టుకోవడం పూర్తిగా కష్టమైపోయి, మళ్ళీ అదే డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఈసారి సీటీ స్కాన్ తీశారు. ఆయన స్క్రీన్ మా వైపు తిప్పి, ఎముక రెండు ముక్కలైందనీ, అతుక్కోలేదనీ, దీన్ని నాన్ యూనియన్ అంటారనీ చెప్పారు. ఈ ఎముకకు బ్లడ్ సప్లై తక్కువట. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు మణికట్టు అరిగిపోతుందట. స్క్రూ వెయ్యాలి, తుంటి దగ్గర నుంచి కొంచెం ఎముక తీసి పెట్టాలి. బోన్ గ్రాఫ్ట్. ఇదివరకులా సైకిల్ తొక్కగలనా అని అడిగితే ఇప్పుడే చెప్పలేనన్నారు.

తర్వాత మొదటి రోజు కాగితం తిరగేసి చూసి, "నెమ్మదిగా పక్కకి ఒరిగితే ఈ ఎముక ఇలా విరగదమ్మా. అసలేం జరిగింది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు శ్రావణి అందుకుంది. తప్పంతా తనదేననీ, తనే దారి మధ్యలోకి వచ్చిందనీ, అక్క ఆపబోయిందనీ చెబుతోంది. తన సైకిల్ అమ్మిపెట్టమని సత్యం గారికి కూడా చెప్పేశానంది. అది నాకు అప్పటిదాకా తెలియదు. తను ఆ మాట డాక్టరుకు సంజాయిషీ చెప్పుకున్నట్టు చెబుతుంటే మధ్యలో ఆపాను.

"శ్రావణి తన దారిలోనే ఉందండీ" అన్నాను. "నేను స్పీడుగా దిగాను. ఆగగలిగి కూడా ఆగలేదు. తను కాలు కింద పెట్టాలని."

డాక్టరు గారికి చివరి మాట అర్థమై ఉండదు. శ్రావణికి అర్థమైంది. సర్జరీ తేదీ తనే రాసుకుంది, బిల్లు కౌంటరు దగ్గర తనే నిలబడింది, స్కూటీ మీద నన్ను ఇంటికి తెచ్చింది. గేటు దగ్గర దింపాక అంది. "ఇన్నాళ్ళూ పడుకుంటే ఆ మలుపే గుర్తొచ్చేదక్కా నాకు. మీరు చూస్తూ ఊరుకున్నారు."

సర్జరీ బాగానే జరిగింది. మణికట్టు కంటే తుంటి ఎక్కువ నొప్పి పెట్టింది, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. బొటనవేలితో సహా మోచేతి దాకా ప్లాస్టర్ వేశారు. శ్రావణి పొద్దున్నే రావడం మాత్రం మానలేదు. మాటల్లేవు. కుచ్చిళ్ళు ఇదివరకటికంటే గట్టిగా లాగి దోపేది, నేను ఒక అడుగు ముందుకు తూలేదాన్ని. మొదటి ఆదివారం తెల్లవారకముందే మేడమెట్ల మీద తన సైకిల్ చక్రం టకటకమంటూ దిగుతున్న చప్పుడు వినపడింది. అమ్మలేదన్నమాట. మంచం మీద పడుకుని హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికే, ఈపాటికి కొండవైపు ఫెర్రీ రోడ్డు ఎక్కేసి ఉంటుందని లెక్క వేసుకుంటూ కుళ్ళుకున్నాను. స్క్రూ వేసింది మణికట్టుకే కదా, బుద్ధికి కాదు.

ఆరు వారాల తర్వాత స్కాన్‌లో ఎముక సగమే అతుక్కుందని మరో ఆరు వారాలు ప్లాస్టర్ పొడిగించారు. ఆ రోజు ఏడ్చాను. ప్లాస్టర్ విప్పాక చూస్తే చెయ్యి ఎండిన మునక్కాయలా ఉంది. తర్వాత నాలుగు నెలలు ఫిజియోథెరపీ. మెత్తటి బంతి నొక్కడం, గోరువెచ్చని నీళ్ళలో మణికట్టు వంచడం, గరిటె పట్టుకుని అటూ ఇటూ తిప్పడం. ఫిజియో అమ్మాయి రోజూ, ఇంకొక్క డిగ్రీ మేడమ్, అనేది. మధ్యలో ఎప్పుడో శ్రావణి కుచ్చిళ్ళు పెడుతూ, ఈ చీరకు గంజి మరీ ఎక్కువైంది అంది. సర్జరీ తర్వాత తను నాతో అన్న మొదటి మాట అది. అవును, ఎక్కువైంది అన్నాను.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. మణికట్టు వెనక్కి ముప్పావు వంతు వంగుతుంది. బోర్డు మీద ఒక పీరియడ్ రాయగలను, రెండోది పిల్లల చేత రాయిస్తాను. కొండకు మళ్ళీ వెళుతున్నాను, సత్యం గారితో పాటు అందరికంటే వెనక. మెట్ల మలుపు దగ్గర దిగి సైకిల్ నడిపించుకుంటాను, దిగేటప్పుడు కూడా. శ్రావణి ఇప్పుడు కొత్తగా చేరిన ఆడవాళ్ళకు నేర్పుతోంది. నేను చెప్పిన మాటలే చెబుతోంది, నాకంటే బాగా చెబుతోంది. కుళ్ళు పోలేదు. అది వస్తోందని తెలిసినప్పుడు మాత్రం రెండు చేతులతోనూ బ్రేకు పట్టుకుంటున్నాను.

చెప్పాల్సింది ఒక్కటే. చేతి మీద పడ్డాక బొటనవేలి గుంటలో నొప్పి ఉంటే, ఎలా పడ్డారో, ఎంత వేగంలో పడ్డారో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పక్కనున్న మనిషి ముందు చెప్పలేకపోతే, ఆ మనిషిని కాసేపు బయట కూర్చోమనండి. తప్పేమీ లేదు.

నన్ను రివ్యూకు ఇప్పటికీ శ్రావణే తీసుకెళుతుంది. డాక్టరు గారు కాగితం ముందుకు లాక్కుని, ఎలా ఉందమ్మా అని అడగబోతుంటే, తనే లేచి బయటికెళ్ళి వరండాలో కూర్చుంటుంది. నేనెప్పుడూ వెళ్ళమని అనలేదు.