నీళ్లు నిలవని పైపు

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో గరిడేపల్లి దగ్గర మా రెండెకరాల వరికి వాగు నీళ్లే ఆధారం. ఒడ్డున మోటరు, దాని నుంచి వాగులోకి దిగిన పైపు, పైపు కొసకు ఇనుప ఫుట్‌వాల్వు. నీళ్లను పైకి రానిచ్చి, తిరిగి కిందికి జారకుండా ఆపడమే దాని పని. మాది ఆపేది కాదు.

కరెంటు పోతే పైపులో నీళ్లన్నీ వాగులోకి దిగిపోయేవి. ఖాళీ పైపుతో మోటరు ఎంత తిరిగినా చుక్క రాదు. మళ్లీ వాగులోకి దిగి, బిందె ముంచుకొని, ఒడ్డెక్కి మోటరులో పోయాలి. పది పన్నెండు బిందెలు. ఆ పని నాది. పైపు నిండేలోపే మళ్లీ కరెంటు పోయిన రోజులున్నాయి. అప్పుడు ఏడుపు కూడా వచ్చేది కాదు. గట్టు మీద కూలబడేదాన్ని.

"జర ఆ ఫుట్‌వాల్వు తీసి సూడరాదు" అంటే మా ఆయన, "ఈ పంట ఎల్లనీ" అనేవాడు. కోదాడ నుంచి వచ్చిన మెకానిక్ మోటరు విప్పి బిగించి, "మోటరు బానే ఉందండి" అని వెళ్లిపోయాడు. పైపు వైపు చూడనే లేదు. అలా మూడు పంటలు గడిచాయి.

ఆయన వడ్లతో మిర్యాలగూడ మిల్లుకు వెళ్లిన రోజు నారుమడికి నీళ్లు పెట్టాలి. నా భుజం లేవడం లేదు. బిందె పక్కన పెట్టి, పక్క మడిలో ఉన్న తోటికోడలిని పిలిచాను.

"పైపు గుంజుదాం రా."

"బావ వచ్చినంక తీయొచ్చు గదక్కా."

"బావ పోస్తడా నీళ్లు?"

ఇద్దరం కలిసి గుంజాం. పానాతో బోల్టులు విప్పితే, లోపలి తోలు మూత కింద వేలిగోరంత గులకరాయి ఇరుక్కుని ఉంది. మూత పూర్తిగా వాలకుండా అదే అడ్డుపడుతోంది. తోలు కూడా ఒక పక్క చిరిగింది. పాత ట్రాక్టరు ట్యూబును ఆ కొలతకు కత్తిరించి బిగించాం. మొదట సరిగా కూర్చోలేదు. విప్పి మళ్లీ బిగించాం.

పైపు దించి నీళ్లు పోస్తే మోటరు ఎత్తుకుంది. గంటకు కరెంటు పోయింది. తిరిగి రాగానే తోటికోడలు స్టార్టరు నొక్కితే నీళ్లు వాటంతటవే వచ్చాయి. ఆమె నవ్వింది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

రెండు రోజులకు ఆయన వచ్చాడు. జరిగింది చెబితే పైపు వంక చూశాడు.

"నేనొచ్చి తీస్తుంటి గద" అన్నాడు.

నేను బిందె తీసుకొని ఇంటిదారి పట్టాను. ఆ వారం సూర్యాపేటలో భుజం చూపించుకుంటే, కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దని డాక్టరు అన్నాడు. నాట్లు దగ్గరపడుతున్నాయి. సరేనని తల ఊపి వచ్చాను.