ఆపా గురువారం గది

ఆపా పోయిందన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. సాయిబాబాకు హారతి ఇస్తున్నాను. ఫోన్‌లో ఆమె కూతురు, "ఆంటీ, అమ్మీ ఈజ్ గాన్," అంది. గుండెపోటట. పళ్లెంలో కర్పూరం దానంతటదే ఆరిపోయేదాకా అలాగే నిలబడిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. కరాచీ మనిషి, మందుల కంపెనీలో ఇంజనీరు. అమెరికాలో, పార్సిప్పనీలో మా పక్క బిల్డింగ్‌లో ఉండేది. మా ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాకు అప్పట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు, కారు నడపడం రాదు. కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ ఏళ్లు గడిపాను. ఒకరోజు లాండ్రీ గదిలో మా చెల్లెలితో ఫోన్‌లో "మస్తు పరేషాన్ ఉన్ననే" అంటుంటే, బట్టలు మడతపెడుతున్న ఆవిడ వెనక్కి తిరిగింది.

"హైదరాబాదా?" అని ఉర్దూలో అడిగింది.

"నిజామాబాద్."

"ఏ బాద్ అయితేనేం! మాట్లాడే మనిషి దొరికింది."

ఆ రోజు నుంచి ఆమె నాకు ఆపా, అంటే అక్క; నేను ఆమెకు చోటీ, చిన్నదాన్ని. నాకు వర్క్ పర్మిట్ రాగానే వాళ్ల ఆఫీసు కెఫెటేరియాలో పని ఉందని చెప్పి, రోజూ తన కారులోనే తీసుకెళ్లింది. ఇంటి నాలుగు గోడలు దాటించిన మనిషిని ఎలా మరిచిపోతాను?

ఆ కారులోనే ఒకసారి చెప్పింది. వాళ్లమ్మ పోయినప్పుడు తను కరాచీ వెళ్లలేదట. వెళ్తే వీసా ముద్ర కోసం నెలల తరబడి అక్కడే ఆపేస్తారేమో, ఇక్కడ ఉద్యోగం పోతుందేమోనని భయం. పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని మీటింగ్‌కు వెళ్లింది. "నా వెనక సీటు అతనిది లాహోర్ అని తర్వాత తెలిసింది చోటీ. ఏడాదిగా వీపు వీపు కలిపి కూర్చున్నాం. ఎవరి డబ్బా వాళ్లు ఒంటరిగా తిన్నాం."

గురువారం గది అలా మొదలైంది. భోజనాల వేళకు ఒక చిన్న కాన్ఫరెన్స్ రూమ్‌ను ప్రతి వారం తన పేరు మీద బుక్ చేసింది. ఆఫీసులోని పాకిస్తాన్ వాళ్లను ఒక్కొక్కరినీ వెతికి పిలిచింది. మీటింగ్‌కు మాత్రం 'లంచ్' అనే పేరు పెట్టింది. "పాకిస్తాన్ అని రాస్తే సగం మంది రారు," అంది. తలుపు మూసేది కాదు, కుర్చీ అడ్డం పెట్టేది. "మూసిన తలుపు తట్టే ధైర్యం కొత్తవాళ్లకు ఉండదు." వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, ఏ లాయరు నమ్మకస్తుడు, ఎవరి కారులో ఎవరు రావచ్చు అని మాట్లాడుకునేవాళ్లు. నేను చాయ్ తెచ్చేదాన్ని. గురువారం నాకు ఒక్కపొద్దు. అది గుర్తుంచుకుని ఆపా నా కోసం అరటిపండ్లు తెచ్చేది. "మీ బాబా చూస్తున్నాడు, బిర్యానీ వాసన కూడా పీల్చకు," అని ఏడిపించేది.

మా ఆయనకు గుబులు. "పాకిస్తానోళ్ల మీటింగ్‌ల నీకేం పనే? మన గ్రీన్ కార్డ్ సంగతి మర్చిపోయినవా?"

"చాయ్ పోస్తున్న, గంతే," అనేదాన్ని. నాకూ లోపల భయమే.

ఆపాకు చెప్తే నవ్వింది. "మీ ఆయనదీ మావాళ్లదీ ఒకటే జబ్బు. ఉన్నది ఒకే బోనులో, పక్కవాణ్ణి చూసి జడుసుకుంటాం."

ఈ చలికాలం ఆఫీసులో లేఆఫ్‌లు మొదలయ్యాయి. ఉద్యోగం పోతే వీసా పోతుంది. గుంపులో కనబడటానికే జంకి, గదికి రావడం ఒక్కొక్కరే మానేశారు. ఒక గురువారం నేను వెళ్లేసరికి ఆపా ఒక్కతే ఉంది.

"ఎవరూ వస్తలేరు. ఈ వారం బంద్ పెట్టకపోయినవా ఆపా?"

"వదిలేస్తే గది వేరేవాళ్లకు పోతుంది. కూర్చో. ఇద్దరుంటే మీటింగే."

లాహోర్ ఇంజనీరు గుమ్మం దాకా వచ్చి, తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆపా అతని కప్పులో కూడా చాయ్ పోసి ఉంచింది. అది అక్కడే చల్లారింది.

ఆమె పోయాక వచ్చిన మొదటి గురువారం, అలవాటుగా ఫ్లాస్క్ పట్టుకుని వెళ్లాను. తలుపు పక్కన చిన్న తెర మీద ఇంకా ఆమె పేరే ఉంది. కింద 'చెక్ ఇన్' బటన్ వెలుగుతోంది. కాసేపట్లో ఎవరూ నొక్కకపోతే పేరు చెరిగిపోతుంది, గది ఎవరిదైనా అవుతుంది. ఆపా పరుగున వచ్చి దాన్ని నొక్కడం ఎన్నిసార్లు చూశానో.

అటు సీట్లలో తలలన్నీ వంగి ఉన్నాయి. లాహోర్ ఇంజనీరు నన్ను చూశాడు. లేవలేదు. నా ఒంటి మీద కెఫెటేరియా ఏప్రాన్ ఉంది. ఆ గది మీద నాకే హక్కూ లేదు. మా ఆయన మాట చెవిలో మోగింది.

"సాయీ," అనుకుని నొక్కాను.

గదిలో మనుషులున్నారన్న గుర్తుగా తెర ఎర్రగా మారింది. ఆమె పేరు నిలిచింది. తలుపు తీసి కుర్చీ అడ్డం పెట్టాను. కప్పులు వరసగా పేర్చి చాయ్ పోయడం మొదలుపెట్టాను. వెనక ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే బెదిరి ఆగిపోతారేమోనని, కప్పుల్లోకే చూస్తూ పోస్తూ ఉన్నాను.