బకెట్‌లోని రవ్వ పిల్లలు

వాలుగ చేపకు వానపామును ఎర పెట్టినవాడు చిన్న జెల్లలతోనే ఇంటికి పోతాడు. కోడిపేగులు పెడితే తాబేళ్లు వస్తాయి. కప్ప కొర్రమట్టకు మంచిది. ఎండాకాలంలో వాలుగ కావాలంటే మాత్రం బతికున్న పరక ఉండాలి. వేలెడంత తెల్లని చేప అది. వీపు మీది రెక్క కింద, వెన్నుకు తగలకుండా కొక్కెం గుచ్చితే చాలాసేపు ఈదుతూనే ఉంటుంది. ఇదంతా నాకు నేర్పింది నాకన్నా పదేళ్లు పెద్దవాడైన ఒక గొర్లకాపరి. కేతేపల్లి దగ్గరి ఆ ఊళ్లో ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకునే ఒక మాట అబద్ధం. అది నా వల్ల పుట్టింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ ఊరి బడికి సారుగా వెళ్లాను. వేసవి సెలవుల్లో కూడా పాలమూరులోని ఇంటికి పోకుండా ఏదో వంక చెప్పి అక్కడే ఉండిపోయేవాణ్ని. అసలు కారణం ఊరి పక్కనున్న ప్రాజెక్టు నీళ్లు. ఎండలు ముదిరేసరికి నీళ్లు దిగి, మునిగిన పాత గట్టు రాళ్లు బయటపడేవి. వాలుగలు పగలంతా లోతు మడుగులో ఉండి, తెల్లవారుతుండగా పరకల కోసం ఆ రాళ్ల దగ్గరికి వచ్చేవి. పొద్దు బారెడెక్కితే మళ్లీ లోతుకే. గాలి తిరిగిన రోజు కాపరీ నేనూ ఒడ్డు మార్చేవాళ్లం. అలలు కొట్టి నీళ్లు మురికయ్యే వైపు అవి ఇంకాసేపు తిరుగుతాయని ఆయన చెప్పేవాడు. వాటి పళ్లకు దారం ఆగదని, సైకిల్ బ్రేకు తీగలోంచి ఒక పోగు విడదీసి కొక్కేనికి కట్టేవాడు.

బెండు మునగగానే నేను గుంజబోయేవాణ్ని. ఆయన నా మోచెయ్యి పట్టుకునేవాడు.

“జర ఆగు సారూ. నోట్ల పట్టుకొని పోతాంది, ఇంక మింగలే. నీకు ప్రతిదానికి బడిగంట కొట్టినట్టే ఉంటది.”

ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సంఘానిది. బయటివాళ్లు వల వేస్తే ఊరుకోరు. మా గాలాలను మాత్రం చూసీచూడనట్టు వదిలేసేవారు, వాలుగ వాళ్ల రవ్వ చేపల పిల్లలను మింగుతుంది కాబట్టి. షరతు ఒక్కటే: ఆ పిల్లలను ఎరగా పెట్టకూడదు. వానలు పడ్డాక ప్రాజెక్టులో వదిలేందుకు కట్ట కింద చిన్న కుంటలో వాటిని పెంచేవారు.

ఒక ఏడు వరుసగా మూడు రోజులు పరకలు దొరకలేదు. రాళ్ల దగ్గర మాత్రం పెద్ద వాలుగ ఒకటి నీళ్లు చీల్చుకుంటూ తిరుగుతోంది. నాలుగో పొద్దున, ఆయన ఇంకా రాకముందే, నేను కుంటలో తువ్వాల ముంచి పదీపన్నెండు రవ్వ పిల్లలను ఎత్తి ఆయన బకెట్‌లో వేశాను. ఆయన వచ్చి బకెట్‌లోకి వంగి చూశాడు. రవ్వ పిల్లకూ పరకకూ తేడా ఆయనకు తెలియక కాదు. తలెత్తి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా సంఘం వాళ్లు ఇద్దరు కట్ట దిగి వచ్చారు.

బకెట్ ఎవరిదని అడిగారు. నన్ను కాదు, ఆయన్ను. నాదేనన్నాడు. అది నిజమే.

“సారు పక్కకు కూసుంటే ఎవడు సూడడనుకున్నవా?” అన్నాడు వాళ్లలో ఒకడు.

నేను తల వంచుకొని కొక్కేనికి తీగ కడుతూ ఉన్నాను. అప్పటికే కట్టి ఉన్న తీగ అది.

ఇంకెప్పుడూ గాలంతో కనబడొద్దని ఆయనకు చెప్పి, పిల్లలను కుంటలో వదలడానికి బకెట్ తీసుకుపోయారు. పోతూ పోతూ, ఇట్లాంటివాళ్లతో తిరగొద్దని నాకు మర్యాదగా సలహా కూడా ఇచ్చారు.

తర్వాతి రెండు వేసవులు ఆ రాళ్ల మీద ఒక్కణ్నే కూర్చున్నాను. ఆయన గొర్ల వెంట కట్ట మీద పోతూ దూరం నుంచే చెయ్యెత్తేవాడు. ఆ పైన నాకు బదిలీ అయింది. ఇప్పుడు పాలమూరు చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేస్తున్నాను. బెండు మునిగినప్పుడల్లా నా మోచెయ్యి ఇంకా ఆ చేతి కోసం ఆగుతుంది. ఆయన గొంగడి వాసన, ఇద్దరం విరుచుకు తిన్న జొన్నరొట్టె, చేప మింగేదాకా మాట్లాడకుండా కూర్చున్న పొద్దులు, వీటికోసమే పోతాను తప్ప చేపల కోసం కాదు.

పోయిన వేసవిలో ఆ ఊరికి వెళ్లి సంఘం పెద్దకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాయ్ తాగించి నవ్వాడు.

“మీది పెద్ద మనసు సారూ. గా మనిషి చేసింది మీరు మీదేసుకుంటున్నరు.”

ఎంత చెప్పినా నమ్మలేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

అక్కడి నుంచి గొర్లకాపరి ఇంటికి పోయాను. మోకాళ్లు పట్టేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు, గొర్లను తమ్ముడు మేపుతున్నాడు. అరుగు మీద కూర్చుని గొంగడి చిరుగు కుడుతున్నాడు. నేను చెప్పేది చెప్పాను. ఆయన సూది ఆపలేదు.

“నువ్వే సెప్తవని రెండు ఎండకాలాలు సూసిన సారూ. మూడో ఏడు గా బ్రేకు తీగ ఇప్పి దొడ్డి తడికెకు కట్టిన.”

కాసేపటికి నీళ్లు ఎంత దిగాయని అడిగాడు. రాళ్లు తేలాయన్నాను. గాలి ఎటు నుంచి కొడుతోందని అడిగాడు. పడమటి నుంచి అన్నాను.

“గట్లయితే రేపు తెల్లారంగ కట్ట దిక్కు పో. గాడ నీళ్లు మురికయితయి.”

పో అన్నాడు, పోదాం అనలేదు. లేచి వస్తుంటే దొడ్డి తడికె దగ్గర ఆగి చూశాను. తీగ తుప్పు పట్టింది. కొక్కేనికి వేసే ముడే వేశాడు.