లంకలో నా ఇటుకలు

నా ఆశ్రయదుర్గమైన యెహోవాకు స్తోత్రం. నేను రియాద్‌లో, మలాజ్‌లోని ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఒకరోజు మా మేడమ్ నా చదువు గురించి అడిగింది. నా మాటలను ఆమెకు అరబ్బీలో చెప్పేది కడప డ్రైవర్ మస్తాన్.

కృష్ణా నది లంకలో ఆంగ్లికన్ దొరలు పెట్టిన హైస్కూల్లో చదివానన్నాను. తుఫానుకు బడి కూలిపోతే పిల్లలమంతా రోజుకో ఇటుక పడవలో తెచ్చామని, వాటితోనే మళ్లీ కట్టారని చెప్పాను.

మస్తాన్ నావైపు తిరిగాడు. "చర్చి బడి అని చెప్పమంటావా అక్కా? పని పోతాదేమో సూడు."

"చెప్పు తమ్ముడూ. నాకు అక్షరభిక్ష పెట్టిన బడిని దాచలేను."

మస్తాన్ ఆమెకు అంతా చెప్పాడు. మేడమ్ ఏదో అడిగింది. మస్తాన్ నవ్వాడు.

"నీ ఇటుకలు యాడుండాయని అడుగుతాంది."

"గంట వేలాడే గోడలో," అన్నాను తలెత్తి. మేడమ్ కూడా నవ్వింది.

ఆ గంట ఇప్పటికీ మోగుతోంది. ఆ గోడ నిలవాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.