కోడికాలి కడియం

ఇప్పుడు పిట్ట ఎక్కడికి పోయిందో ఆకాశంలోంచే కనిపెడుతున్నారట. ఆ రోజుల్లో మాకా భాగ్యం లేదు. పిట్టను వలవేసి పట్టడం, కాలికి నంబరున్న అల్యూమినియం కడియం తొడగడం, "పోయి రా తల్లీ" అని వదలడం, ఆ తర్వాత ప్రపంచంలో ఎవరో ఒకరు ఆ కడియం చూసి ఉత్తరం ముక్క రాయకపోతారా అని పోస్టుమాన్ కోసం ఎదురుచూడడం, ఇదే మా శాస్త్రం. నేను అందులో ఉద్యోగిని. భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక చెరువు పక్కన రెండు రేకుల గదులు, వాటి ముందు 'వలస పక్షుల పరిశీలన కేంద్రం' అని బోర్డు. (ఊళ్ళో వాళ్ళు మాత్రం బాతులాఫీసు అనేవారు.) అధికారి ఒకాయన, సత్తుపల్లి వైపు మనిషి. మెడలో దుర్భిణి లేకుండా స్నానానికి కూడా పోడని ఆయనకు దుర్భిణి సారు అని పేరు. సిబ్బంది అంటే నేనే.

మూడు చలికాలాలు కడియాలు వేశాం. ఒక్క ఉత్తరమూ రాలేదు. చివరికి వచ్చిన ఉత్తరం పైఆఫీసు నుంచి. ఈ చలికాలం ముగిసేలోగా ఒక్క కడియం జాడైనా తెలియకపోతే కేంద్రం మూసేస్తామని దాని సారాంశం. సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. డిగ్రీ రెండుసార్లు తప్పిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. పాల్వంచలో మేముండే కాలనీ అంతా తిరిగి మా అమ్మ "మావోడు ఆఫీసరయిండు" అని చెప్పుకుని అప్పటికి మూడేళ్ళు కావస్తోంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వల భుజాన వేసుకుని చెరువు నుంచి ఊళ్ళోకి పోతున్నాను. అర మైలు దూరంలో కోళ్ళవ్వ ఇల్లుంది. (అసలు పేరేదో ఉండాలి, ఆమె కోళ్ళకే తప్ప ఎవరికీ తెలియదు.) వాకిట్లో ఒక ఎర్రపెట్ట గింజలు ఏరుకుంటోంది. దాని కాలికి ఏదో తళుక్కుమంది. వంగి చూద్దును కదా, కడియం! అవ్వ ప్రార్థనకు పోయింది, ఇంట్లో ఎవరూ లేరు. ఆమె వచ్చేదాకా ఆగితే సరిపోయేది. కానీ మూడేళ్ళు ఆగినవాడికి మూడు నిమిషాలు ఆగడం కష్టం. వల విసిరాను. అడవి బాతుల మీద ఎన్నడూ గురి తప్పనివాణ్ణి, కోడి మీద తప్పాను. పెట్ట కొట్టం ఎక్కింది. వలలో నేనూ, దండెం మీది చీరా, ఒక చాటా మిగిలాం. సరిగ్గా అప్పుడే తెల్లచీరలో, చంకలో బైబిలుతో కోళ్ళవ్వ వచ్చింది.

"ఎవడ్రా నువ్వు? ఆదివారం పూట, పట్టపగలు నా పెట్టను పడ్తున్నవ్?"

"కోడి వద్దవ్వా, దాని కాలికున్నది కావాలె."

"ఆఫీసుల ఉంటవు గదా, గింత బుద్ధి లేదా? అడుగుతే ఇయ్యనా?"

తీరా అడిగితే ఇవ్వలేదు. పక్కింట్లో ఉండే ఆమె తోడికోడలి కోళ్ళు కూడా ఎర్రవేనట. "గుర్తు లేకపోతే నాదే అంటది. పొద్దుగాల లేస్తే గదే పంచాయితీ," అంది. ఇంటి వెనక దొరికిన బాతు కాలికి ఉంటే, ఆ కడియం నోరు తెరిచి తీసి పెట్టకు తొడిగిందట. (ఆ బాతు ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.) చివరికి నా బూటుతాడు మీద ఆమె కన్ను పడింది. పెట్ట కాలికి బూటుతాడు, నా చేతికి కడియం. బూటు టపటపలాడుతుంటే ఆఫీసుకు పరుగెత్తాను.

సారు రిజిస్టరు తీసి నంబరు చూశాడు. అది మా కడియమే. మా చెరువులోనే, నా చేతులతోనే వేసింది. నా ప్రాణం ఉసూరుమంది. కడియం దొరికితే పైఆఫీసుకు పంపే కార్డులో 'వేసిన చోటి నుంచి దూరం' అనే గడి ఉంటుంది. అందులో అర మైలు అని రాస్తే పైవాళ్ళు నవ్వి తాళం వేస్తారు.

"సార్, బోనకల్‌ల దొరికిందని రాద్దాం," అన్నాను. అప్పటికి నేను రైల్లో పోయిన అన్నిటికంటే దూరపు స్టేషన్ అదే.

"సైబీరియా నుంచి వచ్చిన బాతు బోనకల్‌లో ఎందుకు దిగిందయ్యా? ప్యాసింజర్ బండెక్కిందా? అది ఎగరనంత దూరం మనం ఎగరెయ్యకూడదు. ఇంతకీ ఆమెకి ఎప్పుడు దొరికిందట?"

"అడగలే సార్."

"అడిగిరా."

నన్ను చూడగానే కోళ్ళవ్వ, "రెండో తాడు గూడ తెచ్చినవా?" అంది. ఎప్పుడు దొరికిందంటే తడుముకోలేదు. "మొన్న క్రిస్మస్‌కు రెండు దినాల ముంగట. మా ఇంటెనుక చచ్చి పడున్నది. పిండివంటలు చేస్తున్న, అందుకే యాదికున్నది."

వచ్చి అదే చెప్పాను. సారు కళ్ళద్దాలు తీశాడు.

"మనం వేసింది కిందటేడు జనవరిలో. దొరికింది మొన్న డిసెంబరులో. మధ్యలో ఎండాకాలం వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్. మస్తు ఎండలు."

"ఎండాకాలం మన చెరువులో ఈ బాతులుంటాయా?"

"ఒక్కటి గూడ ఉండది సార్. అన్ని హిమాలయాలు దాటి..."

అక్కడ ఆగిపోయాను. కడియం తీసి మళ్ళీ చూశాను. అరచేతిలో ఇమిడే ఆ కడియం కొండలు దాటి, మంచుదేశం చూసి, దారిలో అన్ని చెరువులుండగా మళ్ళీ మా చెరువుకే వచ్చింది. నేను దాన్ని పట్టుకుని అర మైలని ఏడుస్తున్నాను. సారు గడిలో అర మైలనే రాశాడు. దాని కింద చిన్న అక్షరాలతో 'పోయి వచ్చినది' అని చేర్చాడు.

నెల తర్వాత కేంద్రాన్ని కొనసాగించమని జవాబు వచ్చింది. ఆ తర్వాత నేను అక్కడ తొమ్మిది చలికాలాలు పనిచేశాను. సారు ఆ రోజు నా మాట విని ఉంటే మా ఉద్యోగాలు ఎలాగోలా నిలిచేవేమో గానీ, ఆ బాతు తిరిగొచ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలియకుండా పోయేది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. అబద్ధమాడడానికైనా కాస్త లోకం తెలిసి ఉండాలి. ఇరవై రెండేళ్ళ వయసులో నా లోకం బోనకల్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది, పాపం.