గుమ్మం మీది రంగూన్ ఓడ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో గుంటూరులో నేనూ, మా అక్క మొగుడూ బోర్డులు రాసి బతికేవాళ్ళం. ఇద్దరికీ కలిపి ఒకటే నిచ్చెన. ఎక్కే పని బావది, పట్టుకునే పని నాది. పేరు కూడా ఎక్కినవాడికే వచ్చేది.

ఒక మిర్చి షావుకారు కొత్త కొట్టు తెరుస్తూ, వెనకటికి వాళ్ళ నాన్న రంగూన్ వెళ్ళిన పొగ ఓడ కాకినాడ రేవు వదులుతున్నట్టు బొమ్మ కావాలన్నాడు. ఇద్దర్నీ చెరో రేకు మీద వేసి తెమ్మన్నాడు. నచ్చినది గుమ్మం మీద పెడతాడు.

ఈసారి ఆ గుమ్మం నాదే అనుకున్నాను. నేను చీరాల వాడరేవులో మోకాళ్ళ లోతు దిగినవాణ్ణి. బావ సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు.

అయినా వేశాడు మహానుభావుడు. ఓడ నెత్తిన మిరప బస్తాలు, ఎడ్లబండి మీద పేర్చినట్టు పేర్చి, మోకులతో బిగించి కట్టాడు. పొగగొట్టం అచ్చం మా ఊరి పత్తి మిల్లుదే.

"బావా, ఒక్క అల కొడితే నీ సరుకంతా చేపలకేగా?"

"మోకు గట్టిదిలేరా."

షావుకారు నా రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమోయ్, ఓడ ఖాళీగా పోతోందే! సరుకేదీ?"

"లోపల అడుగున ఉంటుందండీ."

"కనపడని సరుకు ఎవడు కొంటాడోయ్?"

బావ ఓడ గుమ్మమెక్కింది. నిచ్చెన నేనే పట్టుకున్నాను.

అంత బొమ్మకు దిష్టి తగులుతుందని షావుకారు గారి భార్య ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు దగ్గు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు లెక్క. మిరప బస్తాల మధ్య పుట్టి పెరిగిన జనం, ఎవడు దగ్గుతాడు? ఒక్కడూ దగ్గలేదు. అందరూ మెల్లగా, పోటీలో ఓడిన నా వైపు తిరిగారు. ఇక తప్పక, ఉన్న ఊపిరంతా పెట్టి నేనే దగ్గాను.

"మంచినీళ్ళివ్వండమ్మా, మావాడు అసలే సుకుమారం" అన్నాడు బావ.

ఆ జాలి మిరపకాయ కన్నా ఎక్కువ మండింది.

ఆ రేకు మీదే, ఓడ కింద కొట్టు పేరు రాయడం మాత్రం నాకు ఒప్పజెప్పారు. అక్షరాలు ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేదు. బండి చక్రాలంత రాశాను. మొదటి అక్షరానికే కాకినాడ రేవు పోయింది. చివరికి వచ్చేసరికి సముద్రం చుక్క మిగల్లేదు.

షావుకారు రోడ్డు అవతలికి వెళ్ళి చూసి మురిసిపోయాడు. "అబ్బ! రైలు స్టేషన్ దాకా కనపడుతుందోయ్!"

తర్వాత ఊళ్ళో సగం కొట్లు అలాంటి అక్షరాలే కావాలని వచ్చాయి, బావను వెతుక్కుంటూ.